సాఫ్ట్‌వేర్‌కు అందని 20 పాయింట్లు

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖలో ఏ పోస్టుకైనా ప్రొవిజనల్ మెరిట్ లిస్ట్ వచ్చిందంటే, పంచాయితీ మొదలయ్యేది మార్కుల దగ్గర కాదు, పక్క కాలమ్ దగ్గర. ఆ కాలమ్ పేరు వెయిటేజీ, అంటే ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేసిన సర్వీసుకు కలిపే పాయింట్లు. పరీక్షలో వెనకబడ్డవాళ్లు పైకెలా వచ్చారని ఒక వర్గం అడుగుతుంది. ఏళ్ల తరబడి చేసిన సర్వీసుకు పాయింట్లు సగమే పడ్డాయని ఇంకో వర్గం అంటుంది. వినతిపత్రాలు పట్టుకుని ఇద్దరూ వచ్చేది కోఠిలోని శాఖ కార్యాలయాలకే. గొడవ ముదిరిన ప్రతిసారీ ఒక సలహా బయటికొస్తుంది: మనుషుల చేయి పడకుండా దరఖాస్తు నుంచి పోస్టింగ్ ఆర్డర్ దాకా అంతా సాఫ్ట్‌వేర్‌తో చేయించండి అని. ఇప్పుడు దానికి ఏఐ అన్న మాట కూడా తోడైంది.

నిజానికి అందులో చాలాభాగం ఎప్పుడో అయిపోయింది. దరఖాస్తు ఆన్‌లైన్, ఫీజు ఆన్‌లైన్, పరీక్ష కంప్యూటర్ మీద, కీ మీద అభ్యంతరాలు ఆన్‌లైన్. రెండు మూడు సెషన్లలో జరిగితే సెషన్ల మధ్య తేడాను సరిచేసే నార్మలైజేషన్ లెక్క కూడా కంప్యూటరే వేస్తుంది. 2023 ఆగస్టు 2న స్టాఫ్ నర్సు పరీక్షకు 40 వేల మందికి పైగా దరఖాస్తు చేస్తే ఒక్కరోజులో ముగించారు. మరి గొడవ ఎక్కడిది?

దానికి 2022 జూన్‌కు వెళ్లాలి. మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు తన తొలి పెద్ద నోటిఫికేషన్ ఇచ్చింది అప్పుడే. 969 సివిల్ అసిస్టెంట్ సర్జన్, అంటే ప్రభుత్వ డాక్టర్ పోస్టులు. వాటిలో 751 ప్రజారోగ్య విభాగంలో, 211 వైద్య విధాన పరిషత్‌లో, 7 నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో. రాత పరీక్ష పెట్టలేదు. ఎంబీబీఎస్ మార్కుల శాతాన్ని 80 పాయింట్లకు లెక్కగట్టారు. మిగతా 20 పాయింట్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో చేసిన సర్వీసుకు. డిసెంబరు నెలాఖరుకల్లా జాబితా వచ్చింది, శిల్పకళావేదికలో నియామక పత్రాలూ పంచారు. ఆరు నెలల్లో ముగిసిన నియామకం! 2017లో టీఎస్‌పీఎస్సీ ఇచ్చిన 3,311 స్టాఫ్ నర్సు పోస్టుల నోటిఫికేషన్ కోర్టు కేసుల్లో ఏళ్ల తరబడి నలిగిన సంగతి చూసినవాళ్లకు ఇది అద్భుతంలాగే కనిపించింది. కనిపించడంలో తప్పూ లేదు.

అయితే ఆ వేగం ఎక్కడి నుంచి వచ్చింది? అభ్యర్థి అంకెలు తెస్తే కంప్యూటర్ కూడి వరుసలో పెట్టింది, అంతే. మార్కుల మెమో యూనివర్సిటీ ఇస్తుంది, కావాలంటే సరిచూసుకోవచ్చు. సర్వీసుకు అలాంటి రికార్డు ఏదీ లేదు. ఆసుపత్రి సూపరింటెండెంటో జిల్లా వైద్యాధికారో (డీఎంహెచ్‌వో) సంతకం పెట్టిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్టే దానికి ఆధారం. దాన్ని స్కాన్ చేసి అప్‌లోడ్ చేయాలి. తూకం రాళ్ల సంగతి వదిలేసి కొత్త కాటా కొన్నట్టయింది. ఆ తర్వాత నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టులు, ఏఎన్ఎంల నోటిఫికేషన్లలో రాత పరీక్ష వచ్చింది కానీ 80, 20 విభజన అలాగే ఉంది. ఆ కాగితమూ అలాగే ఉంది.

పాయింట్ల లెక్క చూడండి. గిరిజన ప్రాంతంలో పూర్తి చేసిన ప్రతి ఆరు నెలలకు 2.5, మిగతా చోట్ల 2. అంటే 20 పాయింట్లూ రావాలంటే గిరిజన ప్రాంతంలో నాలుగేళ్లు, హైదరాబాద్‌లో ఐదేళ్లు చేసి ఉండాలి. ఇక్కడ బరువంతా ‘పూర్తి చేసిన’ అన్న మాట మీదే పడుతుంది. ఐదు నెలల ఇరవై రోజులు పనిచేస్తే సున్నా. పదకొండు నెలలకు వచ్చేది ఒక్క ఆరు నెలల పాయింట్లే.

ఈ నిబంధన దెబ్బ ఎవరికి తగులుతుందో తెలియాలంటే మరో రెండేళ్లు వెనక్కి పోవాలి. 2020లో కొవిడ్ వచ్చాక గాంధీ ఆసుపత్రి పూర్తిగా కొవిడ్ ఆసుపత్రి అయింది, గచ్చిబౌలిలో టిమ్స్ అనే కొత్త ఆసుపత్రి పెట్టారు. నర్సులను హడావుడిగా తీసుకున్నారు. 2020 జులైలో గాంధీలో ఔట్‌సోర్సింగ్ నర్సులు జీతాల కోసం, క్రమబద్ధీకరణ కోసం సమ్మెకు దిగారు. మరుసటి ఏడాది రెండో వేవ్ తగ్గాక 1,600 మందికి పైగా నర్సులను తీసేశారు. వాళ్లు రోడ్డెక్కారు. సర్వీసు ఎక్కడ తెగిపోవాలో ఆ నర్సులు నిర్ణయించుకోలేదు, ప్రభుత్వ ఉత్తర్వు నిర్ణయించింది. ఆరు నెలల గీతకు కొన్ని రోజుల ముందే ఆగిపోయినవాళ్ల కాలమ్‌లో కంప్యూటర్ వేసేది సున్నానే. సాఫ్ట్‌వేర్ తప్పు చేయలేదు. చెప్పినట్టే చేసింది.

ఇంకా చిక్కు కాగితం సంపాదించడంలో ఉంది. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగికి పని ఆసుపత్రిలో, జీతం మనుషులను సమకూర్చే ప్రైవేటు ఏజెన్సీ నుంచి. టెండరు మారితే ఏజెన్సీ మారుతుంది, మనిషి మాత్రం అదే వార్డులో ఉంటారు. అప్పటి సూపరింటెండెంట్ బదిలీ అయిపోతారు. కొత్తాయన తన హయాంలో జరగని సర్వీసుకు సంతకం పెట్టడానికి వెనకాడతారు, ఆయన భయమూ అర్థం చేసుకోదగ్గదే. హాజరు పట్టీ పాత బీరువాలో ఉందంటారు. దరఖాస్తు గడువు ముగిసేలోపు ఈ తిరుగుడంతా పూర్తి కావాలి, డ్యూటీ మానకుండా. పలుకుబడి ఉన్నవాళ్లకు ఇదే సర్టిఫికెట్ సులువుగా దొరుకుతుందన్న అనుమానం పుట్టేది కూడా ఇక్కడే. పరీక్షలో కాపీ కొడితే సీసీ కెమెరాకు చిక్కుతారు. సంతకాన్ని పట్టుకునే కెమెరా ఏదీ లేదు.

ఫ్రెషర్ల వాదనను కొట్టిపారేయలేం. నూటికి ఇరవై అంటే చిన్న అంతరం కాదు. నర్సింగ్ పూర్తి చేసి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయి, పరీక్షలో పది మార్కులు ఎక్కువ తెచ్చుకున్నా ఐదేళ్ల సర్వీసు ఉన్నవాళ్లను దాటలేని పరిస్థితి. ప్రైవేటు ఆసుపత్రిలో చేసిన అనుభవానికి ఒక్క పాయింటూ లేదు.

కానీ వెయిటేజీ ఎందుకు పుట్టిందో మరచిపోయి మాట్లాడితే సగం కథే అవుతుంది. 2006 ఏప్రిల్‌లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పుతో, దొడ్డిదారిన చేరినవారిని క్రమబద్ధీకరించే దారి దాదాపు మూసుకుపోయింది. 2023లో రాష్ట్రం 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను పర్మనెంట్ చేసింది, ఔట్‌సోర్సింగ్ వాళ్లకు అందులో చోటు లేదు. 2024 నవంబరులో హైకోర్టు ఆ క్రమబద్ధీకరణకు ఆధారమైన చట్ట నిబంధననే కొట్టేసింది, అప్పటికే పర్మనెంట్ అయినవారిని మాత్రం కదపలేదు. ఇక పదేళ్లుగా రాత్రి డ్యూటీలు చేస్తున్న నర్సుకు మిగిలింది ఈ 20 పాయింట్లే.

సాఫ్ట్‌వేర్ మీద జనానికి ఇంత మోజు ఎందుకో కూడా చెప్పాలి. 2023 మార్చిలో టీఎస్‌పీఎస్సీ ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి గ్రూప్-1 ప్రిలిమ్స్ సహా పలు పరీక్షలు రద్దయ్యాయి. మళ్లీ పెట్టిన ప్రిలిమ్స్‌లో బయోమెట్రిక్ తీసుకోలేదని హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. అప్పటి నుంచి యంత్రం ఉంటే మోసం ఉండదన్న నమ్మకం బలపడింది. (ఆ ప్రశ్నపత్రాలు లీకైంది కమిషన్ కంప్యూటర్ల నుంచేనన్నది ఎవరూ గుర్తు చేసుకోరు.)

దరఖాస్తులు ఎక్కువ, సిబ్బంది తక్కువ, సర్టిఫికెట్లను ఒక్కొక్కటిగా చూడాలంటే నెలలు పడుతుందన్నది అధికారుల మాట. అందులో నిజం ఉంది. దానికి తోడు నిబంధనలు కదులుతూనే ఉంటాయి. స్థానికతను ఇప్పుడు 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి చూస్తున్నారు. 2024లో మహిళల రిజర్వేషన్‌ను, వాళ్లకు విడిగా రోస్టర్ పాయింట్లు కేటాయించని హారిజాంటల్ పద్ధతికి మార్చారు. 2025 ఏప్రిల్ నుంచి ఎస్సీ కోటా మూడు గ్రూపులైంది. ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌లో రాసుకోగలిగినవే, ఎందుకంటే నిబంధన ఏమిటో జీవోలో ఉంది.

సర్వీసు విషయంలోనూ సమాచారం లేదనలేం. రెగ్యులర్ ఉద్యోగి జీతం ప్రభుత్వ ఆర్థిక లెక్కల పోర్టల్ ఐఎఫ్ఎంఐఎస్‌లో నెలనెలా నమోదవుతుంది. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగికి ఏజెన్సీ పీఎఫ్ కడితే యూఏఎన్ అనే పీఎఫ్ నంబరు కింద ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్నది ఉంటుంది. మెడికల్ కాలేజీల ఫ్యాకల్టీకి జాతీయ వైద్య కమిషన్ 2025 మే నుంచి ముఖం చూసి ఆధార్‌తో హాజరు వేసే పద్ధతి తప్పనిసరి చేసింది. వీటిని కలిపి, చేరిన రోజు నుంచే ప్రతి కాంట్రాక్టు ఉద్యోగికి ఒక సర్వీసు ఖాతా తెరిస్తే, నోటిఫికేషన్ వచ్చినప్పుడు సంతకం కోసం తిరిగే పని ఉండదు. రెండు ఆసుపత్రుల్లో విడివిడిగా చేసిన నెలలు కలపాలా వద్దా, మధ్యలో తీసేసిన కాలాన్ని ఏం చేయాలి అన్నవి కూడా ముందే తేల్చుకోవాల్సి వస్తుంది. ఆ తేల్చుకోవడం ఇబ్బందికరం. ఏజెన్సీ పీఎఫ్ కట్టని నెలలు బయటపడతాయి, శాంక్షన్ లేకుండా ఎవరిని ఎన్నాళ్లు వాడుకున్నారో కూడా బయటపడుతుంది. ఆటోమేషన్ దరఖాస్తు వైపు నుంచి మొదలై సర్వీసు రికార్డు దాకా రాకపోవడానికి సాంకేతిక కారణాల కంటే ఇదే పెద్ద కారణమని ఈ వ్యాసకర్త అనుమానం.

2025లో వచ్చిన 607 అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుల నోటిఫికేషన్‌లోనూ రాత పరీక్ష లేదు. అర్హత పరీక్ష మార్కులకు 80, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు 20.