‘కళ్లు వదిలేసి కొట్టండి మాస్టారూ’: బడి దెబ్బలకు చట్టంలో దొరికిన చోటు

పిల్లవాణ్ణి బడిలో చేర్చే రోజున తండ్రి అయ్యవారికి చేతులు జోడించి, "కళ్లు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి మాస్టారూ, వాడికి చదువొస్తే చాలు" అని అప్పగించడం తెలుగు ఊళ్లలో మొన్నమొన్నటి వరకు వినిపించిన మాటే. మా నాన్నగారూ అదే మాట అన్నారు. నేను ఆయన వేలు పట్టుకొని పక్కనే నిలబడి విన్నాను. బడి దెబ్బల గురించి మాట్లాడేటప్పుడు బెత్తం పట్టిన చేయి గుర్తొచ్చినంతగా ఈ అప్పగింత గుర్తుకు రాదు. మన చట్టం మాత్రం దాన్ని బాగానే గుర్తుపెట్టుకుంది.

వీధిబడుల కాలంలో ప్రతి శిక్షకూ ఒక పేరుండేది. కోదండం వేస్తే దూలానికి కట్టిన తాడు పట్టుకొని పిల్లవాడు గాలిలో వేలాడవలసిందే. గోడకుర్చీ, తొడపాశం, గుంజీళ్లు సరేసరి. కోదండం వీధిబడులతోనే పోయింది గాని, మిగిలినవి సర్కారు బడుల్లోకి, అక్కణ్ణుంచి కాన్వెంట్లలోకి చేరాయి. మేం చదివిన బడిలో చింతబరికె తెచ్చే పని కూడా పిల్లలదే. ఆకులు దూసి, కణుపులు నున్నగా గీకి బల్ల మీద పెట్టాలి. లేత కొమ్మ తెస్తే రెండు దెబ్బలకే విరుగుతుందని మళ్లీ పంపేవారు. పదమూడో ఎక్కం అప్పజెప్పలేకపోయిన రోజున, ఆ ఉదయం నేనే తెచ్చిన బరికెతో నా అరచేతి మీద మూడు దెబ్బలు పడ్డాయి. మధ్యాహ్నానికి వాతలు తేలి, అన్నం కలుపుకోవడానికి వేళ్లు ముడుచుకోలేదు. అమ్మ ఏమీ అడగకుండా తానే కలిపి ముద్దలు పెట్టింది. బడికి వెళ్లి అడగాలన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాలేదు, ఎందుకంటే కొట్టమని చెప్పి వచ్చింది మనమే కదా.

1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 89వ సెక్షన్ చెప్పేదీ ఇంచుమించు ఇదే. 12 ఏళ్ల లోపు పిల్లల మేలు కోరి, సద్భావంతో, సంరక్షకుడు గాని, అతని అంగీకారంతో మరొకరు గాని చేసిన పని వల్ల హాని కలిగినా, కొన్ని మినహాయింపులకు లోబడి, అది నేరం కాదు. ఆ అంగీకారం మాటల్లో చెప్పనక్కర లేదు, చేష్టల ద్వారా తెలిసినా చాలు. అందువల్ల పిల్లవాణ్ణి బడికి పంపడమే అంగీకారమనే వాదన ఉపాధ్యాయులకు కోర్టుల్లో దశాబ్దాల పాటు అండగా నిలిచింది.

ఈ అండ సడలడానికి చాలా కాలం పట్టింది. శారీరక దండనను విద్యావ్యవస్థ నుంచి పూర్తిగా తొలగించాలని 1986 జాతీయ విద్యావిధానం ప్రకటించింది. 1992లో భారతదేశం ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను అంగీకరించింది. 2000 డిసెంబరు 1న ఢిల్లీ హైకోర్టు అక్కడి పాఠశాలల నిబంధనల్లో శారీరక దండనకు వీలు కల్పించిన భాగాన్ని కొట్టివేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002 ఫిబ్రవరి 18న జి.ఓ. 16 జారీ చేసి, 1966 నాటి విద్యా నిబంధనల్లోని 122వ నిబంధనను మార్చి, అన్ని విద్యాసంస్థల్లో శారీరక దండనను నిషేధించింది. ఆ తర్వాత ఐదేళ్లకు, అంటే 2007లో, కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 13 రాష్ట్రాల్లో జరిపిన అధ్యయనం వెలువడింది. బడికి వెళ్లే ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు తాము దెబ్బలు తిన్నామని చెప్పారు. జి.ఓ. కాగితానికీ తరగతి గదికీ మధ్య ఎంత దూరముందో అందులో కనిపిస్తుంది.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను, దానితోపాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. తిట్టు కూడా దెబ్బేనని చట్టం ఒప్పుకోవడం చిన్న విషయమేమీ కాదు. అయితే ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల వారికే వర్తిస్తుంది కాబట్టి, హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే పదహారేళ్ల విద్యార్థికి ఆ సెక్షన్ రక్షణ అందదు. ఉల్లంఘించిన వారికి కూడా సర్వీసు నిబంధనల ప్రకారం క్రమశిక్షణ చర్యే తప్ప ఆ సెక్షన్‌లో వేరే శిక్ష లేదు.

2024 జూలై 1న శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత 89వ సెక్షన్ అందులో 27వ సెక్షన్‌గా, అదే 12 ఏళ్ల వయసు, అదే సంరక్షకుని అంగీకారంతో కొనసాగుతోంది. బడి దెబ్బలకు ఇది వర్తించదన్న ఒక్క వాక్యాన్ని అప్పుడే అందులో చేర్చి ఉండవలసింది.