షుగర్ జబ్బుకని తీసుకున్న రక్తం: హవసుపాయ్ కేసు ఎందుకు తెగలేదు

ఏళ్ల కిందట ఇచ్చిన రక్తాన్ని, అందులోంచి తీసిన జన్యు సమాచారాన్ని ఇప్పుడు మరో పరిశోధనకు వాడుకోవచ్చా? వాడాలంటే ఎవరిని అడగాలి? ఆదివాసుల జన్యువుల మీద ఈ వాదన మళ్లీ రేగింది. దీని మూలం అమెరికాలో గ్రాండ్ కాన్యన్ అడుగున, సుపాయ్ అనే ఊళ్లో ఉంది. అక్కడి హవసుపాయ్ తెగలో సభ్యులు సుమారు 650 మంది.

1990 నుంచి ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు అక్కడ రక్తం సేకరించారు. తమలో విపరీతంగా పెరిగిన షుగర్ జబ్బుకు కారణం తేలుతుందనే ఆశతోనే తెగవాళ్లు చేయి చాపారు. సమ్మతి పత్రంలో మాత్రం 'ప్రవర్తన, ఆరోగ్య రుగ్మతల కారణాల అధ్యయనం' అని రాసి ఉంది. తర్వాత జరిగిందంతా ఈ ఒక్క వాక్యం వల్లే. నోటితో అనుకున్నది షుగర్, సంతకం పడింది ఎందుకైనా పనికొచ్చే మాట కింద.

అదే రక్తం స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధి పరిశోధనకూ, పూర్వీకుల వలసల అధ్యయనానికీ వెళ్లింది. తెగవాళ్ల అరచేతి ముద్రలను వంశవృక్షాలతో కలిపి, దగ్గరి బంధువుల పెళ్లిళ్ల ప్రభావాన్ని లెక్కగట్టి 1993లో అచ్చువేశారు. తాము ఆ లోయలోనే పుట్టామని, దాన్ని కాపాడే బాధ్యత తమదని హవసుపాయ్‌లు నమ్ముతారు. మీరు ఆసియా నుంచి వచ్చారని వాళ్ల రక్తంతోనే చెప్పడం ఆ నమ్మకాన్ని దెబ్బతీయడంతోనే ఆగదు, నేల మీది హక్కునూ తాకుతుంది. 1882లో 518 ఎకరాలకు కుదించిన వాళ్ల నేలలో సుమారు 1,85,000 ఎకరాలు 1975లో గానీ తిరిగి రాలేదు. లోయతో అనుబంధమే వాళ్ల హక్కుకు ఆధారం.

2003లో అదే యూనివర్సిటీలో చదువుతున్న హవసుపాయ్ మహిళ కార్లెట్టా టిలూసీ ఒక పీహెచ్‌డీ ప్రసంగానికి వెళ్లి, తమ తెగ రక్తంతో చేసిన ఈ పనికి అనుమతి ఉందా అని అడగడంతో విషయం బయటపడింది. తెగ 2004లో దావా వేసింది. పత్రంలోని విశాలమైన అనుమతి మేరకే పనిచేశామని పరిశోధకుల వాదన. 2010 ఏప్రిల్‌లో రాజీ కుదిరింది: 41 మందికి 7 లక్షల డాలర్లు, మిగిలిన నమూనాలు వాపసు. రాజీ కావడంతో అలాంటి సమ్మతి చెల్లుతుందా అన్నది ఏ కోర్టూ తేల్చలేదు.

పేర్లు తీసేసిన నమూనాలకూ సమ్మతి తప్పనిసరి చేయాలని 2015లో అమెరికా ప్రభుత్వం ప్రతిపాదించింది, 2017 తుది నిబంధనల్లో దాన్ని వదిలేసింది. పేరు తీసేస్తే చాలనే లెక్క చిన్న తెగకు కుదరదు. ట్యూబు మీద నంబరే ఉన్నా తెగ పేరు ఫైల్లో ఉంటుంది, అచ్చయిన ఫలితం ప్రతి ఇంటికీ అంటుకుంటుంది. పైగా ట్యూబును వాపసు తెచ్చుకోవచ్చు గానీ, పదిచోట్ల డౌన్‌లోడ్ అయిన జన్యు ఫైలును తెచ్చుకోలేరు.

మన దగ్గరా ఇది దూరపు సంగతి కాదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ పాలుపంచుకున్న కేంద్ర ప్రభుత్వ ప్రాజెక్టు జీనోమ్ ఇండియా, గిరిజన సమూహాలతో సహా దాదాపు 10,000 మంది జన్యు సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు తెరిచింది. ఏ ప్రాజెక్టులోనైనా ముందు చూడాల్సింది సమ్మతి పత్రమే. ఒక్కో వాడకానికి వేరే గడి ఉందా, వేరే ల్యాబుకు పంపేముందు మళ్లీ అడుగుతారా, గడువు తీరాక నమూనాను ఏం చేస్తారు, వ్యక్తి సంతకంతోపాటు సమూహం ఆమోదం ఎక్కడ నమోదవుతుంది?