వలస కుర్రాళ్ల సినిమాలు: కాస్టింగ్‌లో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో కాస్టింగ్ పని చేస్తున్నాను. బతుకుదెరువు కోసం ఊరు, దేశం వదిలి వెళ్లిన కుర్రాళ్ల కథలు పట్టుకుని కొత్త దర్శకులు వస్తుంటే సంతోషంగా ఉంటుంది. కానీ ఎవరిని తీసుకోవాలి, వాళ్లు ఎలా మాట్లాడాలి అన్న దగ్గరికి వచ్చేసరికి అవే మాటలు మళ్లీ మళ్లీ వినాల్సి వస్తోంది.

అపోహ: రకరకాల ముఖాలు కనిపిస్తే చాలు, వైవిధ్యం వచ్చినట్టే.

వాస్తవం: లేబర్ క్యాంపు గదిలో ఒక బెంగాలీని, ఒక మలయాళీని, ఒక నేపాలీని కూర్చోబెడతారు. ముగ్గురూ ఒకేలా భయపడి ఒకేలా ఏడిస్తే, ఒకే మనిషిని మూడుసార్లు చూపించినట్టు. ఇటలీ దర్శకుడు మత్తేయో గర్రోనే తీసిన ‘ఇయో కపితానో’ (2023)లో ప్రధాన పాత్రలు రెండే. ఇద్దరూ సెనెగల్ కుర్రాళ్లు, ఒకే ఈడు, వరసకు అన్నదమ్ములు. పైకి ఏ తేడా లేదు. కానీ మూసాది తెగింపు, సేదుది వెనకడుగు. ఐరోపా వెళ్తానని అమ్మ దగ్గర నోరు జారి, ఆమె మండిపడగానే సరదాకి అన్నానంటూ సేదు మాట మార్చేస్తాడు. తర్వాత వాడు సహారా ఎడారి దాటుతుంటే మనకు ఆ అమ్మే గుర్తొస్తుంది.

అపోహ: కష్టాలే చూపాలి. పాటలు, నవ్వులు పెడితే సీరియస్‌నెస్ పోతుంది.

వాస్తవం: ఆ ఇద్దరూ పాటలు రాసుకుంటారు, ఐరోపా వెళ్లి స్టార్లు కావాలనుకుంటారు. పదహారేళ్ల కుర్రాళ్లు ఇంకేం అనుకుంటారు?

అపోహ: భాష, యాస సంగతి డబ్బింగ్‌లో చూసుకోవచ్చు.

వాస్తవం: ఇది మనకు బాగా దగ్గరి విషయం. తమిళ దర్శకుడు వెట్రిమారన్ తీసిన ‘విసారణై’ (2015)లో మొదటి సగం గుంటూరుకు పనికి వచ్చిన తమిళ కుర్రాళ్ల కథ. పార్కులో పడుకుంటూ దొరికిన పని చేసుకునే వాళ్లను, చేయని దొంగతనానికి పోలీసులు పట్టుకెళ్తారు. కోయంబత్తూరు ఆటో డ్రైవర్ ఎం. చంద్రకుమార్ తన అనుభవంతో రాసిన ‘లాకప్’ దానికి ఆధారం. స్టేషన్‌లో తెలుగు, కుర్రాళ్ల నోట తమిళం. ఏం ఒప్పుకోమంటున్నారో అర్థమయ్యేలోపే దెబ్బలు పడతాయి. కోర్టులో తమిళ పోలీసు అధికారి ఒకరు వాళ్ల మాటను జడ్జికి చెప్పాకే బయటపడతారు. అందరిచేతా ఒకే భాష మాట్లాడిస్తే ఆ కోర్టు సీనే ఉండదు. తెలుగువాడిగా ఆ సినిమా చూడటం నాకు చాలా కష్టమైంది. వలస అనగానే మనవాళ్లు పోయిన దేశాలే గుర్తొస్తాయి. అక్కడ మాత్రం లాఠీ మన చేతిలో ఉంది.

యాస గురించి ఇంకొకటి చెప్పాలి. ఒక గల్ఫ్ కథకు ఆడిషన్ పెట్టాం. జగిత్యాల వైపు నుంచి ఒకబ్బాయి వచ్చాడు, నాలుగేళ్లు దుబాయ్‌లో షట్టరింగ్ పని చేసి వచ్చినవాడు. సీన్, అమ్మతో ఫోన్. మా కాగితం మీద ‘భోంచేశావా నాన్నా?’, ‘చేశానమ్మా, ఇక్కడ అంతా బాగుంది’ అని ఉంది. రెండుసార్లు చదివాడు, కుదరలేదు. “నా లెక్క చెప్పాల్నా సార్?” అన్నాడు. ఫోన్‌ను చెవి దగ్గర కాదు, నోటి ముందు అడ్డంగా పట్టుకున్నాడు. “తిన్ననే అవ్వా... ఆఁ, తిన్న. నువ్వు గోలీలు ఏసుకున్నవా?” ఆ ప్రశ్న మా స్క్రిప్ట్‌లో లేదు. తను తిన్నాడో లేదో ఆమె ఇంకోసారి అడగకుండా మాట మళ్లించాడు.

ఆ పాత్ర అతనికి రాలేదు. యాస ఎక్కువైంది, అందరికీ అర్థం కాదన్నారు. తెలిసిన ముఖాన్ని తీసుకున్నారు. గట్టిగా వాదించాల్సింది, వాదించలేదు. ఇప్పటికీ బాధగానే ఉంది.

అపోహ: నటన రాని మామూలు కుర్రాడు సినిమా మొత్తం మోయలేడు.

వాస్తవం: బోరిస్ లోజ్‌కిన్ తీసిన ఫ్రెంచ్ సినిమా ‘ది స్టోరీ ఆఫ్ సులేమాన్’ (2024) చూడండి. పారిస్‌లో వేరేవాడి డెలివరీ యాప్ అకౌంట్ అద్దెకు తీసుకుని సైకిల్ మీద ఫుడ్ డెలివరీ చేసే, పశ్చిమ ఆఫ్రికాలోని గినీ దేశపు కుర్రాడి కథ. ఆశ్రయం కోసం ఇంటర్వ్యూకి రెండు రోజులే ఉంది. డబ్బిచ్చి కొనుక్కున్న అబద్ధపు కథను దారిపొడవునా బట్టీ పడుతుంటాడు. ఆ పాత్ర చేసిన అబూ సంగారే అంతకుముందు నటుడు కాదు. గినీ నుంచి ఫ్రాన్స్ వచ్చి మెకానిక్ పని నేర్చుకున్నవాడు. కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ‘అన్ సెర్టైన్ రిగార్డ్’ విభాగంలో ఉత్తమ నటుడయ్యాడు.

అపోహ: నిజంగా వలస వచ్చినవాణ్ణే పెట్టాం, మన బాధ్యత తీరిపోయింది.

వాస్తవం: 2024 మేలో ఆ అవార్డు అందుకున్నప్పుడు సంగారేకి ఫ్రాన్స్‌లో ఉండటానికి సరైన కాగితాల్లేవు. ఏడాది పర్మిట్ 2025 జనవరిలో వచ్చింది. తెర మీద చోటు ఇవ్వడం వేరు, ఆ మనిషి రేపటి సంగతి పట్టించుకోవడం వేరు. ‘ఇయో కపితానో’కి, స్వయంగా ఆ దారిన ఐవరీ కోస్ట్ నుంచి ఇటలీ చేరిన మమదు కువాసీ అనుభవాలు ఆధారమయ్యాయి, సలహాదారుగా కూడా ఆయన్ను పెట్టుకున్నారు. మన దగ్గర గల్ఫ్ నుంచి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి మూడు గంటలు కథ చెప్పించుకుని, టీ ఇచ్చి పంపేస్తారు. ఆ మూడు గంటలకు డబ్బివ్వాలి, టైటిల్స్‌లో పేరు వేయాలి. పాత్ర ఇస్తే, అగ్రిమెంట్‌ను అతని మాటల్లో చదివి వినిపించి, అర్థమైందని అతను చెప్పాకే సంతకం పెట్టించుకోవాలి.