పేరా నేర్పే క్లాసు ఎటు పోయింది: కాలిఫోర్నియా వివాదం వెనక కథ

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా శాన్‌డియేగో క్యాంపస్‌లో అధ్యాపకుల సెనేట్, యాజమాన్యం కలిసి వేసిన కమిటీ నివేదిక 2025 నవంబర్‌లో బయటికొచ్చింది. హైస్కూలు స్థాయి లెక్కలు కూడా రాకుండా చేరుతున్న వాళ్ల సంఖ్య ఐదేళ్లలో దాదాపు 30 రెట్లు పెరిగిందన్న సంగతే పత్రికల్లో మోగింది. అందులోనే ఉన్న మరో సంగతిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. లెక్కల్లో బాగా వెనకబడిన వాళ్లలో ప్రతి ఐదుగురిలో ఇద్దరికి రాతలో కూడా పునాది తరగతి అవసరమైంది.

దీంతో పాత గొడవ మళ్లీ మొదలైంది. వాక్యం, పేరా, వ్యాకరణం నేర్పే సన్నాహక కోర్సులను కమ్యూనిటీ కాలేజీలు (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలు), కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ (రాష్ట్రంలోని మరో ప్రభుత్వ యూనివర్సిటీ వ్యవస్థ) ఎత్తేసినందుకే ఈ గతి పట్టిందని ఒక వర్గం అంటోంది. ఆ కోర్సుల్లో పిల్లలు ఏళ్ల తరబడి ఇరుక్కుపోయేవాళ్లని, ఎత్తేశాకే ముందుకు కదిలారని రెండో వర్గం అంటోంది. శాన్‌డియేగో క్యాంపస్ ఆ కోర్సుల్ని ఎత్తేయించిన చట్టాల కిందికి రాదు. నివేదిక చెప్పేది నేరుగా హైస్కూలు నుంచి వచ్చిన పిల్లల గురించి. అయినా చర్చంతా ఆ చట్టాల చుట్టూనే తిరుగుతోంది కాబట్టి అవి ఎలా వచ్చాయో చూడాలి.

పాత పద్ధతి ఒక నిచ్చెన. కింది మెట్టు మీద వాక్యం: కర్త, క్రియ, కాలం, ఎక్కడ ఫుల్‌స్టాప్ పెట్టాలి. దాని పైన పేరా: ఒక ప్రధాన వాక్యం, దాన్ని నిలబెట్టే ఎనిమిది పది వాక్యాలు. ఆ పైన చిన్న వ్యాసం. ఇవన్నీ దాటాకే డిగ్రీకి లెక్కకొచ్చే మొదటి ఇంగ్లిష్ కోర్సు. ఒక్కో మెట్టుకు ఒక సెమిస్టర్, ఫీజు మామూలే, క్రెడిట్లు మాత్రం డిగ్రీకి కలవవు.

ఈ నిచ్చెన మీంచి పిల్లలు ఎలా జారిపోతారో చిన్న లెక్కతో తెలుస్తుంది. ప్రతి కోర్సులోనూ నూటికి 75 మంది పాసవుతారనుకుందాం. పాసైన వాళ్లలో 80 శాతం మంది తర్వాతి సెమిస్టర్‌లో పేరు నమోదు చేసుకుంటారనుకుందాం. రెండూ మంచి అంకెలే. వంద మంది పేరా కోర్సులో చేరితే 75 మంది గట్టెక్కుతారు, 60 మంది వ్యాసం కోర్సుకు వెళ్తారు, 45 మంది అక్కడ పాసవుతారు, 36 మంది కాలేజీ ఇంగ్లిష్‌లో చేరతారు, 27 మంది బయటపడతారు. ఏ టీచరూ తప్పు చేయలేదు, ఏ క్లాసూ ఘోరంగా నడవలేదు. అయినా 73 మంది పోయారు. వాళ్లలో 49 మంది ఏదో ఒక మెట్టు దగ్గర ఫెయిలయ్యారు, మిగతా 24 మంది పాసై కూడా, ఒక సెమిస్టర్‌కూ ఇంకో సెమిస్టర్‌కూ మధ్య ఉద్యోగం షిఫ్ట్ మారో, ఇంట్లో ఎవరికో బాగోలేకో మళ్లీ రాలేదు. కోర్సులు ఎత్తేయాలన్న సంస్కరణవాదుల బలమంతా ఈ లెక్కలో ఉంది. దీనికి ఎదుటి పక్షం సరైన జవాబు ఇంతవరకూ చెప్పలేదు.

ఎవరిని ఏ మెట్టు మీద నిలబెట్టాలో తేల్చింది కంప్యూటర్ పరీక్ష. ఎక్కువ చోట్ల అది పరీక్షలు తయారుచేసే సంస్థలైన కాలేజ్ బోర్డు వారి ఆక్యుప్లేసర్ గానీ, ఏసీటీ వారి కంపాస్ గానీ. ఆక్యుప్లేసర్‌లో వాక్య నైపుణ్యాల భాగం 20 ప్రశ్నలు, అన్నీ బహుళైచ్ఛికమే. గీత గీసిన చోట కామా ఉండాలా, సెమికోలన్ ఉండాలా గుర్తించాలి. విద్యార్థి తనంతట తాను ఒక్క వాక్యం కూడా రాయనక్కర్లేదు. పేరా రాయగలడో లేదో చూడకుండానే పేరా క్లాసులో పడేసేవారు.

అసలు మలుపు 2012. కొలంబియా విశ్వవిద్యాలయ టీచర్స్ కాలేజీలోని కమ్యూనిటీ కాలేజ్ రీసెర్చ్ సెంటర్ ఆ ఏడాది ఈ పరీక్షల మీద అధ్యయనాలు ప్రచురించింది. ఇంగ్లిష్‌లో పరీక్ష రాసిన ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరిని తీవ్రంగా తప్పు చోట చేర్చారని తేలింది. అందులోనూ ఎక్కువ మంది, పై కోర్సులో నెగ్గగలిగి కూడా కింది మెట్టుకు దిగినవాళ్లే. హైస్కూల్ మార్కుల సగటు ఎవరు నెగ్గుతారో ఈ పరీక్ష కంటే బాగా జోస్యం చెప్పింది. అదే ఏడాది లాంగ్‌బీచ్ సిటీ కాలేజీ హైస్కూల్ గ్రేడ్లు చూసి పిల్లల్ని చేర్చుకోవడం పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. 2015లో ఏసీటీ తన కంపాస్ పరీక్షనే ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

ఆ పరిశోధన గట్టిది. కానీ దానివల్ల ప్రశ్నే మారిపోయింది. అంతకుముందు వరకు వాదన, వాక్యం నిలబెట్టడం రాని పద్దెనిమిదేళ్ల పిల్లకు దాన్ని ఎలా నేర్పాలని. 2012 తర్వాత వాదన, ఆ పిల్లను ఏ గదిలో కూర్చోబెట్టాలని. గది మారాక ఆ గదిలో ఏం జరగాలన్నది ఎవరి ఎజెండాలోనూ మిగల్లేదు. ఇవాళ రెండు వర్గాలూ ఒకరి మీద ఒకరు విసురుకుంటున్న అంకెలన్నీ ఆ రెండో ప్రశ్నకు సంబంధించినవే.

చట్టాలు ఆ దారినే వచ్చాయి. 2017 ఆగస్టులో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ ఛాన్సలర్ తిమోతీ వైట్ కార్యనిర్వాహక ఉత్తర్వు 1110 ఇచ్చారు. 2018 ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) నుంచి క్రెడిట్ లేని సన్నాహక కోర్సులు పోయాయి, ఇంగ్లిష్ ప్లేస్‌మెంట్ టెస్ట్ పోయింది. అదే అక్టోబర్‌లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఏబీ 705 (ఏబీ అంటే అసెంబ్లీ బిల్లు) మీద సంతకం చేశారు. దాని ప్రకారం కమ్యూనిటీ కాలేజీలో చేరినవాళ్లు ఒక్క ఏడాదిలో బదిలీ స్థాయి ఇంగ్లిష్ (నాలుగేళ్ల యూనివర్సిటీకి మారినా చెల్లే కోర్సు) పూర్తి చేసే అవకాశాన్ని కాలేజీ గరిష్ఠం చేయాలి, చేర్చుకోవడానికి హైస్కూల్ గ్రేడ్లు చూడాలి. కింది కోర్సులో వేయాలంటే రెండు నిరూపించాలి: పై కోర్సులో నెగ్గే అవకాశం బొత్తిగా లేదని, కింది కోర్సు వల్ల ఆ అవకాశం పెరుగుతుందని. 2019 ఫాల్ నాటికి పూర్తిగా అమలైంది. 2022 సెప్టెంబర్‌లో గవర్నర్ గావిన్ న్యూసమ్ సంతకంతో వచ్చిన ఏబీ 1705 మిగిలిన సందుల్ని కూడా మూసింది.

కమ్యూనిటీ కాలేజీల ఛాన్సలర్ కార్యాలయం ఇచ్చిన పట్టీ చూస్తే విషయం చేతికందుతుంది. హైస్కూల్ సగటు (4 పాయింట్లకు) 2.6 లేదా ఆ పైన ఉంటే నేరుగా కాలేజీ ఇంగ్లిష్, తోడు తరగతి (ఆ కోర్సుతో పాటే అదే సెమిస్టర్‌లో నడిచే సహాయక క్లాసు) అక్కర్లేదు, పాసయ్యే అంచనా 78.6 శాతం. 1.9 నుంచి 2.6 లోపు అయితే అదే కోర్సు, తోడు తరగతి మంచిదని సిఫార్సు, అంచనా 57.7 శాతం. 1.9 కన్నా తక్కువైతే కూడా అదే కోర్సు, తోడు తరగతి గట్టి సిఫార్సు, అంచనా 42.6 శాతం. ఈ చివరి వరుసలో ప్రతి పది మందిలో దాదాపు ఆరుగురు ఫెయిలవుతారని పట్టీయే ఒప్పుకుంటోంది. కింది మెట్టు నుంచి మొదలుపెడితే గట్టెక్కేవాళ్లు అంతకన్నా తక్కువ కాబట్టి ఇదే నయమని దాని వాదం. వాదం తప్పు కాదు. ఆ ఆరుగురికి ఏం చేస్తారన్నది మాత్రం పట్టీలో లేదు.

ఫలితాలు నిజంగానే మారాయి. మొదటిసారి ఇంగ్లిష్ తీసుకునేవాళ్లలో నేరుగా కాలేజీ స్థాయిలో మొదలుపెట్టినవాళ్లు 2015లో 38 శాతం, 2019లో 96 శాతం. గట్టెక్కేవాళ్ల మొత్తం సంఖ్య కూడా పెరిగింది. నిచ్చెనను మళ్లీ నిలబెట్టాలనేవాళ్లు ఈ పెరుగుదలను పక్కనపెట్టి మాట్లాడలేరు.

మరి తోడు తరగతి సంగతేంటి? దీనికి మూలం కాలిఫోర్నియాలో లేదు. 2007లో మేరీలాండ్‌లోని కమ్యూనిటీ కాలేజ్ ఆఫ్ బాల్టిమోర్ కౌంటీలో పీటర్ ఆడమ్స్ మొదలుపెట్టిన యాక్సిలరేటెడ్ లెర్నింగ్ ప్రోగ్రామ్ నుంచి వచ్చింది. దాని కొలతలు చాలా ఖచ్చితమైనవి. కాలేజీ ఇంగ్లిష్ సెక్షన్‌లో 20 మంది. అందులో 12 మంది మామూలుగా చేరినవాళ్లు, 8 మంది పునాది అవసరమైనవాళ్లు. ఆ క్లాసు అయ్యాక ఆ 8 మందే అదే టీచర్‌తో మరో క్లాసులో కూర్చుంటారు, దానికీ వారానికి మూడు గంటలు. కొన్నేళ్లకు దాన్ని 10, 10గా మార్చారు. ఉదయం క్లాసులో ఇచ్చిన వ్యాసం మీదే పని. ఎనిమిది మంది కాబట్టి ఎవరి తప్పు ఏ రకమో టీచర్‌కు గుర్తుంటుంది. ఒక సెమిస్టర్‌కూ ఇంకో సెమిస్టర్‌కూ మధ్య సందే లేదు కాబట్టి అక్కడ జారిపోయేవాళ్లు లేరు. ఖర్చు ఎక్కువే, కానీ గట్టెక్కిన ఒక్కో విద్యార్థికి లెక్కేస్తే పాత పద్ధతి కంటే తక్కువే పడిందని కొలంబియా పరిశోధకులు 2010లో తేల్చారు.

కాలిఫోర్నియా చట్టంలోకి వచ్చేసరికి ఈ కొలతల్లో ఒక్కటీ మిగల్లేదు. తోడు తరగతి పాసయ్యే అవకాశాన్ని పెంచుతుందని తేలితేనే దాన్ని తప్పనిసరి చేయొచ్చని చట్టం అంటుంది. ఎంతమంది, అదే టీచరా, ఎన్ని గంటలు, ఏం చేయాలి అన్నది కాలేజీ ఇష్టం. ఒకచోట ఒక యూనిట్ (క్రెడిట్), మరోచోట రెండు. ఒకచోట క్లాసు మొత్తానికీ కలిపి, మరోచోట ట్యూటర్ గదికి వెళ్లమని చీటీ. అన్నిటి పేరూ తోడు తరగతే.

ఏం చేయాలన్నది తెలియని విషయమేమీ కాదు. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ 1970లో హైస్కూల్ పూర్తిచేసిన ఎవరికైనా సీటు అని తలుపులు తెరిచింది. అప్పుడు సిటీ కాలేజీలో మినా షాగ్నెసీ సుమారు 4,000 ప్రవేశ వ్యాసాలను కూర్చుని చదివారు. ఆ పని 1977లో ఎర్రర్స్ అండ్ ఎక్స్‌పెక్టేషన్స్ అనే పుస్తకమైంది. తప్పులు అడ్డదిడ్డంగా రావు, ప్రతి తప్పు వెనకా విద్యార్థి లోపల పెట్టుకున్న ఒక నియమం ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి అన్నది ఆమె చూపించిన సంగతి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ‘మై బ్రదర్ వర్క్స్ ఎట్ నైట్, హీ స్లీప్స్ ఆల్ మార్నింగ్.’ రెండు పూర్తి వాక్యాల్ని కామాతో అతికించారు, తప్పు. ఎర్ర సిరాతో కొట్టేస్తే విద్యార్థి ఫుల్‌స్టాప్ పెడతాడు, తర్వాతి పేరాలో మళ్లీ అదే చేస్తాడు. ఎందుకు కామా పెట్టావని అడిగితే, రెండోది మొదటిదానివల్లే జరుగుతోంది కదా, అక్కడ ఆపితే తెగిపోతుంది అంటాడు. అతని ఆలోచన సరైనదే, దాన్ని కట్టే ముడి లేదు. ‘బికాజ్’ వాడి కలపడం చూపిస్తే వాక్యం కుదురుతుంది. కానీ వారం తిరక్కుండా అతను ‘బికాజ్ మై బ్రదర్ వర్క్స్ ఎట్ నైట్.’ అని సగం వాక్యానికి ఫుల్‌స్టాప్ పెట్టేస్తాడు. తప్పుల సంఖ్య పెరుగుతుంది. తప్పులు లెక్కపెట్టే టీచర్‌కు అతను వెనక్కి వెళ్లినట్టు కనిపిస్తాడు, నిజానికి ఒక మెట్టు ఎక్కాడు. ఇది చూసి సరిదిద్దడానికి ఆ పేరా రాసినవాడి పక్కన పది నిమిషాలు కూర్చోవాలి. ముప్పై మంది ఉన్న గదిలో ఆ పది నిమిషాలు దొరకవు.

వర్క్‌షీట్లు ఈ పని చేయవు. కామా అభ్యాసంలో పదికి తొమ్మిది తెచ్చుకున్న విద్యార్థే సొంత పేరాలో అదే కామా తప్పు పెడతాడు, ఎందుకంటే అభ్యాసంలో వాక్యం ఇంకొకరిది, దానిలో అతను చెప్పదలుచుకున్నదేమీ లేదు. విడిగా వ్యాకరణం బోధిస్తే రాత మెరుగుపడదని 1963లోనే బ్రాడక్ బృందం తేల్చింది. 2007లో స్టీవ్ గ్రాహమ్, డొలొరెస్ పెరిన్ 4 నుంచి 12 తరగతుల పిల్లల మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూశారు. వ్యాకరణ బోధన ప్రభావం మైనస్ 0.32, చిన్న వాక్యాలను కలిపి పెద్ద వాక్యం చేయించడం ప్రభావం 0.50 (మైనస్ అంటే రాత దిగజారిందని, ప్లస్ అంటే మెరుగైందని). పాత నిచ్చెన కింది మెట్టు మీద ఎక్కువగా జరిగింది వర్క్‌షీట్లే. అందుకే దాన్ని యథాతథంగా తిరిగి తేవాలనే కోరికలో పస తక్కువ.

తోడు తరగతిలో పనిచేసేది ఇలా ఉంటుంది. విద్యార్థి ఆ వారం రాసిన పేరా తెస్తాడు. ప్రతి క్రియ కింద గీత గీస్తాడు, దాని కర్తను వెతుకుతాడు. దొరక్కపోతే అది సగం వాక్యం. తర్వాత పేరాను చివరి వాక్యం నుంచి వెనక్కి ఒక్కొక్కటిగా పైకి చదువుతాడు. అలా చదివితే అర్థం ప్రవాహంలో కొట్టుకుపోకుండా ఒక్కో వాక్యం విడిగా వినిపిస్తుంది. వారానికి ఒకే రకం తప్పు, మిగతావి ఆ వారం ముట్టుకోరు. పేరా విషయానికొస్తే మొదటి వాక్యం ఎవరైనా కాదనగలిగేదిగా ఉండాలి. ‘మా ఊళ్లో బస్సులున్నాయి’ మీద పేరా నిలబడదు, ‘మా ఊళ్లో రాత్రి షిఫ్ట్ వాళ్లకు బస్సులు పనికిరావు’ మీద నిలబడుతుంది. తర్వాతి ప్రతి వాక్యాన్నీ ‘ఎలా తెలుసు?’ అని అడగాలి. జవాబు చెప్పని వాక్యం పోతుంది.

ఈ వివాదం మన వాళ్లను తాకే చోటు ఒకటుంది. ఇంగ్లిష్ రెండో భాషగా నేర్చుకునేవాళ్లకు ఏబీ 705 మూడేళ్ల గడువిచ్చింది. కానీ హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో పదో తరగతి మధ్యలో వెళ్లి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో హైస్కూల్ పూర్తిచేసిన పిల్లను కాలేజీ చూసేది అమెరికా హైస్కూల్ గ్రేడుతోనే. లెక్కలు, సైన్స్ బాగా చేసి సగటు 3 దాటితే తోడు తరగతి అక్కర్లేదనే పట్టీ చెబుతుంది, రాసేటప్పుడు ‘ఏ’, ‘ద’ ఎక్కడ పెట్టాలో ఆమెకు ఇంకా పట్టుబడకపోయినా సరే.

శాన్‌డియేగో నివేదిక దెబ్బ సరిగ్గా ఇక్కడే తగిలింది. మార్కుల సగటు నమ్మదగిన కొలత అన్న పునాది మీద 2012 నుంచి అంతా కట్టారు. హైస్కూల్ గ్రేడ్లు ఉబ్బిపోయాయని, లెక్కల్లో మంచి గ్రేడ్లున్నవాళ్లే పునాది తరగతికి వస్తున్నారని నివేదిక చూపింది. దాంతో పరీక్షలు తిరిగి తేవాలన్న వాళ్లకు ఊపొచ్చింది. కానీ 20 ప్రశ్నల పరీక్ష కంటే గ్రేడ్లే నయమన్న పాత ఫలితాన్ని ఇది కొట్టేయలేదు, గ్రేడ్లు కూడా చాలవని మాత్రమే చెప్పింది. పైగా 2022 చివర్నుంచి చాట్‌జీపీటీ వచ్చాక ఇంట్లో రాసుకొచ్చిన పేరాలో తప్పులే కనిపించడం లేదు. విద్యార్థికి ఏం రాదో తెలియాలంటే క్లాసులో, చేత్తో రాయించి చూడటమే మిగిలింది.

మొదటి వారంలో నలభై నిమిషాలు కూర్చోబెట్టి ఒక పేరా రాయించి, ఆ కాగితం చూసి తోడు తరగతికి రమ్మని చెప్పడానికి ఏబీ 705 గానీ, ఏబీ 1705 గానీ అడ్డు చెప్పవు. ఆ తరగతిని పది మందికే పరిమితం చేసి అదే టీచర్‌కు అప్పగించడానికీ అడ్డు చెప్పవు. అయితే పది మందికి ఒక టీచర్ చొప్పున జీతం ఎవరిస్తారన్నది తేలాలి. బాల్టిమోర్ కౌంటీ ఇచ్చింది. రాష్ట్ర రాజధాని సాక్రమెంటోలో ఇప్పుడు పరీక్ష తేవాలా వద్దా, పాత కోర్సు తేవాలా వద్దా అన్నదాని మీద వాదిస్తున్న రెండు వర్గాల్లో ఏదీ ఆ ఖర్చు పద్దును ఇంకా బల్ల మీద పెట్టలేదు.