గోడకు అటువైపు ఓనరు కౌన్సిల్ అయితే

లండన్‌లో మా తమ్ముడు అటక మీద గది వేయించుకోవాలనుకున్నాడు. వరుస ఇళ్లలో ఆ పని అంటే పక్కింటితో కలిసిన గోడలో చిన్న గూడు తొలిచి, ఇనుప దూలం చివర అందులో ఆనించడం. గోడ మందం తొమ్మిది అంగుళాలు. సగం వాడిది, సగం అటువైపు వాళ్లది. పక్కింటి పెద్దావిడ సంతోషంగా ఒప్పుకుంది. కానీ ఆవిడ ఒప్పుకోలు చెల్లదు. ఆవిడ కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటి స్థానిక ప్రభుత్వం) ఇంట్లో అద్దెకుంటోంది. సరే అనాల్సింది కౌన్సిల్, అక్కడి నుంచి జవాబు లేదు. ఇంటిల్లిపాదికీ అదే టెన్షన్.

ఈ చిక్కు ఎలా వచ్చిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. 1189 నాటి లండన్ ఇళ్ల నిర్మాణ నియమాల్లోనే ఉమ్మడి గోడ ఉంది. ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లు చెరో అడుగున్నర స్థలం ఇస్తే మూడడుగుల మందం, పదహారడుగుల ఎత్తున రాతి గోడ లేస్తుంది. 1666లో నగరం తగలబడ్డాక, మరుసటి ఏడు వచ్చిన పునర్నిర్మాణ చట్టం ఇటుక గోడలు కట్టమంది. ముందు కట్టినవాడికి, తర్వాత కట్టేవాడు గోడ ఖర్చులో తన వాటా ఇచ్చుకోవాలి. ఎవరి ఇల్లు వాళ్లదే, తలుపు తడితే ఓనరే వస్తాడు అన్న లెక్క మీదే ఈ రూల్స్ అన్నీ నడిచాయి.

1919 తర్వాత కౌన్సిళ్లు పెద్ద ఎత్తున అద్దె ఇళ్లు కట్టాయి. వరుసలోని ఇళ్లన్నీ ఒకే ఓనరువి కాబట్టి మధ్య గోడ ఎవరిదన్న ప్రశ్నే రాలేదు. 1980 హౌసింగ్ చట్టం అద్దెకున్నవాళ్లకు తాము ఉంటున్న ఇంటిని డిస్కౌంట్‌తో కొనుక్కునే హక్కు ఇచ్చింది. ఒకరు కొన్నారు, పక్కవాళ్లు కొనలేదు. ఆ ఒక్క రిజిస్ట్రేషన్‌తో గోడ నడిమధ్యన సరిహద్దు పుట్టింది. ఇంగ్లండ్‌లో అలా చేతులు మారిన ఇళ్లు సుమారు 20 లక్షలు. ఈ గొడవలకు అసలు మూలం అక్కడుందని నా అభిప్రాయం.

అప్పటికి ఉమ్మడి గోడల పద్ధతి ప్రత్యేక చట్టంగా ఉన్నది ముఖ్యంగా లోపలి లండన్‌లోనే. 1996 పార్టీ వాల్ (ఉమ్మడి గోడ) చట్టం దాన్ని ఇంగ్లండ్, వేల్స్ అంతటికీ తెచ్చింది. 1997 జులై 1 నుంచి అమల్లో ఉంది. వారం వారం అద్దె కట్టేవాళ్లు ఈ చట్టం లెక్కలో ఓనర్లు కారు. అద్దె అందుకునే కౌన్సిలే ఓనరు. కొన్నిచోట్ల ఇళ్ల బాగోగులు చూడటానికి కౌన్సిల్ వేరే సంస్థను పెడుతుంది. మరమ్మతులకు వచ్చేది వాళ్లే కాబట్టి నోటీసు కూడా వాళ్లకే పంపేస్తుంటారు. ఓనరు మాత్రం కౌన్సిలే. నోటీసు అక్కడికే వెళ్లాలి. ప్లానింగ్ అనుమతి వచ్చింది కదా, కౌన్సిల్ ఒప్పుకున్నట్టే అనుకోవడం ఇంకో పొరపాటు. అది వేరే విభాగం, వేరే చట్టం.

గోడలో దూలం పెట్టే పనికి రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. 14 రోజుల్లో జవాబు రాకపోతే వివాదం ఉన్నట్టే చట్టం లెక్కేస్తుంది. అప్పుడు దాన్ని తేల్చేది ఇరువైపులా పెట్టుకునే సర్వేయర్లు, అంటే కట్టడాల నిపుణులు. జవాబివ్వని ఆఫీసు ముందు మామూలు మనిషికి ఉన్న బలం ఇదే. సర్వేయర్‌ను పెట్టుకోమని రాతపూర్వకంగా అడిగిన 10 రోజులకూ కదలిక లేకపోతే, కౌన్సిల్ తరఫు సర్వేయర్‌ను కూడా మనమే నియమించవచ్చు. ఆ ఇద్దరూ కలిసి మూడో సర్వేయర్‌ను ఎంచుకోవాలి. వాళ్లలో ఒకరు కాదంటే మామూలుగా స్థానిక కౌన్సిల్ అధికారి ఎంపిక చేస్తారు. మరి ఆ కౌన్సిలే గొడవలో ఉంటే? అప్పుడు ఆ అధికారం సెక్రటరీ ఆఫ్ స్టేట్‌ది, అంటే దేశ ప్రభుత్వంలోని మంత్రిది. చట్టం రాసినవాళ్లు ఇంత దూరం ఆలోచించినందుకు నాకు నిజంగా గౌరవం కలిగింది. సర్వేయర్ల తీర్పు నచ్చకపోతే 14 రోజుల్లో కౌంటీ కోర్టుకు వెళ్లవచ్చు.

మనం ఏ పనీ పెట్టుకోకపోయినా, అటువైపు పగిలిన పైపు వల్ల మన గోడకు చెమ్మ దిగుతుంటే దారి వేరు. పక్కిల్లు ప్రైవేటుదైతే కౌన్సిల్ ఆరోగ్య విభాగం దాని ఓనరుకు నోటీసు ఇస్తుంది. పక్కిల్లు కౌన్సిల్‌దే అయితే, అది తనకు తానే నోటీసు ఇచ్చుకోవడం కుదరదు కదా. ఆ చెమ్మ ఆరోగ్యానికి చేటు చేసేదైతే 1990 పర్యావరణ పరిరక్షణ చట్టం, 82వ సెక్షన్ కింద ఇంటివాళ్లే కౌన్సిల్‌కు 21 రోజుల గడువిచ్చి, మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లాలి. గోడ ఫొటోలు, తేదీలు, రాసిన ఉత్తరాల కాపీలు మొదటి రోజు నుంచే దాచుకోవాలి.