అమ్మ మందుల డబ్బా ఒకసారి ముందేసుకుని కూర్చోండి

చిన్నీ, బాబీ,

అమ్మ బరువు తగ్గడానికి పొట్టకు చేసే బైపాస్ ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిందంటే మనసు కుదుటపడింది. తిండి సంగతి మీకు చెప్పే ఉంటారు, నాకు టెన్షన్ మందుల గురించి. ఆ డబ్బాలో ఉన్నవన్నీ పాత పొట్టకు రాసినవి.

ఇప్పుడు అమ్మకున్నది కోడిగుడ్డంత సంచి. మాత్ర నానడానికి అక్కడ చోటూ లేదు, ఆమ్లమూ అంతగా ఉండదు, పైగా పేగు మొదటి భాగాన్ని తాకకుండానే కిందికి వెళ్లిపోతుంది. స్ట్రిప్పు మీద పేరు పక్కన ఎస్ఆర్, ఎక్స్ఆర్ అని ఉందేమో చూడండి. అవి గంటల తరబడి మెల్లగా కరిగే మాత్రలు, పూర్తిగా కరగకముందే దాటిపోవచ్చు. అలాగని నూరి మాత్రం ఇవ్వకండి, మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. వాటి బదులు మామూలు మాత్రో సిరప్పో రాయమని డాక్టర్‌గారిని అడగండి.

అన్నిటికంటే భయం షుగర్ మందులతోనే. బైపాస్ తర్వాత బరువు తగ్గకముందే, కొద్ది రోజుల్లోనే షుగర్ పడిపోతుంది. గ్లిమిపిరైడ్, ఇన్సులిన్ పాత డోసులోనే నడిస్తే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. వెంటనే మీటర్‌తో చూడండి, 70 కంటే తక్కువుంటే గ్లూకోజ్ ఇచ్చి డాక్టర్‌కు ఫోన్ చేయండి, స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి చేయండి. మెట్‌ఫార్మిన్ సంగతి ఇంకోలా ఉంటుంది, మామూలు మాత్ర బైపాస్ తర్వాత ముందుకంటే ఎక్కువే ఒంటికి పడుతుంది. అన్ని మందులూ ఒకేలా మారవు, అందుకే మీ అంతట మీరు పెంచడం, తగ్గించడం, మానేయడం ఏదీ వద్దు. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయంటే బీపీ మాత్ర ఎక్కువవుతోందేమో, అదీ చెప్పండి.

మోకాళ్ల నొప్పికి అమ్మ మెడికల్ షాపులో అడిగి తెప్పించుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఇక ఇంట్లో ఉంచొద్దు. పేగు కుట్టిన చోట పుండ్లు పడి రక్తం పోవచ్చు. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుందేమో డాక్టర్‌నే అడగండి.

థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పరగడుపునే. క్యాల్షియం, ఐరన్ దానికి నాలుగు గంటల ఎడంగా, ఆ రెండూ కూడా వేర్వేరు వేళల్లో. క్యాల్షియంలో సిట్రేట్ రకం మేలు, దానికి ఆమ్లంతో పని లేదు. బరువు తగ్గేకొద్దీ థైరాయిడ్ డోసూ మారొచ్చు, టీఎస్‌హెచ్ పరీక్ష మానొద్దు. బీ12 మాత్రం జీవితాంతం.

ఈ రాత్రికే స్ట్రిప్పులన్నిటికీ పేరు, మిల్లీగ్రాములు కనబడేలా ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టండి, వేటి గురించి అడగాలో రాసి పంపిస్తాను.

మీ పెదనాన్న