ఊపిరితిత్తులు మార్చాక మొదలయ్యే అసలు చికిత్స

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో పిల్లాడు ఏడాది పొడవునా దగ్గుతూ, తిన్నది ఒంటికి పట్టక చిక్కిపోతుంటే ముందుగా పడే ముద్ర టీబీ. ఆర్నెల్లు మందులు వాడతారు, తగ్గదు, మళ్లీ వాడతారు. అలాంటివాళ్లలో ఏ ఒక్కరికో ఉన్నది సిస్టిక్ ఫైబ్రోసిస్ అని, చెమట పరీక్ష చేసే చోటికి చేరితే గానీ తేలదు. అమ్మ నుంచీ నాన్న నుంచీ చెడిన జన్యువు వస్తేనే బిడ్డకు వచ్చే జబ్బు ఇది. పక్కింటి ఒడియా కుటుంబాల్లో సాధారణంగా లేని మేనరికం మన ఇళ్లలో ఉంది కాబట్టి, ఈ మాట మనవాళ్లు చెవిన వేసుకోవాలి.

జబ్బును 1938లో న్యూయార్క్‌లో డొరొతీ ఆండర్సన్ విడిగా గుర్తించారు. వీళ్ల చెమటలో ఉప్పు ఎక్కువని 1953లో బయటపడింది, జన్యువు 1989లో దొరికింది. ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా గట్టిపడి, అందులో సూడోమోనాస్ లాంటి బాక్టీరియా కాపురం పెడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ మిగిలేది చీము నిండిన ఊపిరితిత్తి. అక్కడి నుంచి ఊపిరితిత్తుల మార్పిడి మాట వస్తుంది.

మనిషికి మొదటిసారి ఊపిరితిత్తి మార్చింది 1963 జూన్ 11న, అమెరికాలోని మిసిసిపీలో, జేమ్స్ హార్డీ బృందం. ఆ రోగి 18 రోజులు బతికాడు. తర్వాతి పదిహేనేళ్లలో ప్రపంచం మొత్తం మీద నలభైకి దగ్గరగా ప్రయత్నాలు జరిగితే, నెలల తరబడి బతికిన కేసు దాదాపు ఒక్కటే: 1968లో బెల్జియంలోని గెంట్‌లో చేసినది, పది నెలలు. శరీరం కొత్త అవయవాన్ని తిప్పికొట్టకుండా స్టెరాయిడ్లు దండిగా ఇచ్చేవారు. వాటితో శ్వాసనాళం అతుకు మానేది కాదు, ఇన్‌ఫెక్షన్ వచ్చి పడేది. మందు తగ్గిస్తే తిరస్కరణ, పెంచితే ఇన్‌ఫెక్షన్. అరవై ఏళ్ల తర్వాత కూడా ఈ చికిత్స చిక్కు అదే.

కొంత ఊరట ఇచ్చింది తిరస్కరణను అణిచే సైక్లోస్పోరిన్. నార్వే మట్టిలో దొరికిన ఒక బూజు నుంచి తీసిన ఈ మందుకు అమెరికాలో 1983లో అనుమతి వచ్చింది. ఆ ఏడాదే టొరంటోలో జోయెల్ కూపర్ ఒక ఊపిరితిత్తి మార్చిన రోగి ఆరేళ్లకు పైగా బతికాడు. సిస్టిక్ ఫైబ్రోసిస్‌కు మాత్రం ఒకటి మారిస్తే చాలదు. మిగిలిన పాతదాంట్లోని చీము కొత్తదాన్ని పాడుచేస్తుంది. అందుకే మొదట్లో గుండెతో సహా రెండూ మార్చేవారు. రోగి సొంత గుండె బాగానే ఉంటుంది కాబట్టి 1980ల చివర్లో బ్రిటన్‌లో దాన్ని ఇంకొకరికి పెట్టేవారు కూడా! గుండె జోలికి పోకుండా రెండు ఊపిరితిత్తులే మార్చడం 1988 తర్వాత నిలదొక్కుకుంది.

అయితే రెండూ మార్చినా బాక్టీరియా పూర్తిగా పోదు. ముక్కు వెనక సైనస్‌లలో దాక్కుని, కొత్త ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. బర్క్‌హోల్డేరియా సెనోసెపేసియా అనే రకం ఉన్నవాళ్లకు మార్పిడి చేయడానికి చాలా కేంద్రాలు ఒప్పుకోవు. పైగా మూత్రపిండంలా కాదు ఊపిరితిత్తి, ప్రతి శ్వాసకూ బయటి గాలి తగులుతూనే ఉంటుంది. ఒక్కో ఇన్‌ఫెక్షన్ రోగనిరోధక శక్తిని రెచ్చగొడుతుంది, అది కొత్త అవయవం మీదికే తిరగబడుతుంది. చిన్న గాలిగొట్టాలు మచ్చకట్టి మూసుకుపోయే దీర్ఘకాల తిరస్కరణకు 1993లో నిర్వచనం ఇచ్చారు, 2019లో దాన్ని విస్తరించారు. ఊదే శక్తి తన ఉత్తమ స్థాయి కంటే 20 శాతం పడిపోయి కోలుకోకపోతే దాన్ని అనుమానిస్తారు. అంతర్జాతీయ లెక్కల్లో ఊపిరితిత్తులు మార్పించుకున్నవాళ్లలో సగం మంది సుమారు ఆరేళ్లు దాటి బతుకుతున్నారు. సిస్టిక్ ఫైబ్రోసిస్‌వాళ్లు చిన్న వయసువాళ్లు కావడంతో ఇంకాస్త మెరుగు.

తిరస్కరణను అణచడానికి ఇప్పుడు ఎక్కువగా వాడేది టాక్రోలిమస్. జపాన్‌లో 1984లో మట్టి బాక్టీరియా నుంచి కనిపెట్టారు. సరిహద్దు జిల్లాల రోగికి తంటా మొదలయ్యేది దీని దగ్గరే. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఆపరేషన్ చేసి పంపిస్తారు, రక్తంలో మందు ఎంతుందో మాత్రం ఊళ్లో ఉండి చూపించుకుంటూ ఉండాలి. ఉదయం మాత్ర వేసుకోకముందే, రాత్రి మాత్రకు పన్నెండు గంటలు దాటాక, ఊదారంగు మూత ట్యూబులో రక్తం తీయాలి. కలెక్షన్ సెంటర్ కుర్రాడు తొమ్మిదింటికి వస్తాడని ఎనిమిదికే మాత్ర వేసుకుంటే లెక్క ఎక్కువ చూపిస్తుంది, డాక్టరు డోసు తగ్గిస్తాడు, తిరస్కరణకు దారి పడుతుంది. పెరట్లో పంపరపనస కూడా తినకూడదు, అది రక్తంలో ఈ మందును పెంచేస్తుంది. ఫంగస్‌కు ఇచ్చే వోరికొనజోల్ కూడా అంతే.

అన్నిటికంటే భయపడాల్సింది రిఫాంపిసిన్‌కు. మార్పిడి అయినవాళ్లకు నిజంగానే టీబీ వస్తుంది, మన దగ్గర మరీ. కానీ మామూలు టీబీ కోర్సులోని రిఫాంపిసిన్ టాక్రోలిమస్‌ను కాలేయంలోనే కరిగించేస్తుంది. డోసు చాలా రెట్లు పెంచకపోతే కొద్ది రోజుల్లోనే రక్తంలో మందు పడిపోయి, ఊపిరితిత్తి తిరస్కరణకు గురికావచ్చు. బదులుగా రిఫాబుటిన్ వాడొచ్చు, అది కూడా మార్పిడి బృందం చెబితేనే. టీబీ అనుకుని మందు మొదలుపెట్టడం అలవాటైన ప్రాంతంలో ఈ ఒక్క మాట తెలియకపోతే లక్షల ఖర్చు, దాత ఇచ్చిన అవయవం, రెండూ పోతాయి.

ఇంకో చిక్కు, ఇన్‌ఫెక్షన్‌కూ తిరస్కరణకూ పైకి లక్షణాలు ఒకటే: దగ్గు, ఆయాసం, కొంచెం జ్వరం. చికిత్స మాత్రం రెండింటికీ ఎదురెదురు. బ్రాంకోస్కోపీతో, అంటే ఊపిరితిత్తుల్లోకి సన్నని గొట్టం దింపి, చిన్న ముక్క తీసి చూస్తే తప్ప తేడా తెలియదు. ఆర్‌ఎంపీ దగ్గర స్టెరాయిడ్ సూది వేయించుకుంటే ఆ పూట హాయిగా ఉంటుంది, లోపల ఫంగస్ పెరుగుతుంది. ఇంట్లో ఊదే శక్తిని కొలిచే చేతి స్పైరోమీటరు ఊది రోజూ రాసుకుంటే, అంకె పదిశాతం పడగానే ఫోన్ చేయొచ్చు.

మన పొలాల వైపు చూస్తే ఇంకో ముప్పు మెలియాయిడోసిస్ అనే ఇన్‌ఫెక్షన్. బర్క్‌హోల్డేరియా కుటుంబానికే చెందిన దీని బాక్టీరియా వానాకాలపు మట్టిలో, నీళ్లలో ఉంటుంది, ఒడిశాలో కేసులు వస్తూనే ఉన్నాయి. గత్తం తిరగెయ్యడం, తడిసిన గడ్డి వాము దులపడం, దమ్ము చేసిన మడిలో దిగడం ఇవన్నీ మానుకోవాలి. పొద్దున్నే చద్దన్నమో పఖాళో తినే అలవాటు కూడా వదులుకోమంటారు. చెప్పడం తేలిక, కౌలు చేసుకు బతికే ఇంట్లో పాటించడం అంత తేలిక కాదు.

2019లో అమెరికాలో ట్రికాఫ్టా అనే మందు వచ్చాక అక్కడ సిస్టిక్ ఫైబ్రోసిస్‌కు మార్పిడులు బాగా తగ్గిపోయాయి. ఇక్కడ దాని ధర అందేది కాదు. అది ముఖ్యంగా పనిచేసే జన్యు మార్పు భారతీయుల్లో యూరప్‌లో ఉన్నంతగా లేదు కూడా. కాబట్టి మనకు మార్పిడి మాట ఇంకొన్నాళ్లు ఉంటుంది. 2023లో కేంద్రం నివాస ధ్రువపత్రం అడగొద్దని రాష్ట్రాలకు చెప్పింది కనుక రాయగడ మనిషి హైదరాబాద్‌లో పేరు నమోదు చేయించుకోవచ్చు. డిశ్చార్జి కాగితం ఇంగ్లిషులో ఇస్తారు, ఇంట్లోవాళ్లు చదివేది తెలుగు, పీహెచ్‌సీలో చూసేది ఒడియా డాక్టరు. ఏ మందుకు ముందు మార్పిడి ఆసుపత్రికి ఫోన్ చేయాలో పెద్ద అక్షరాలతో రెండు భాషల్లోనూ రాసిమ్మని డిశ్చార్జి రోజునే అడగండి.